రెండుముప్పావు చెయ్యి

"ఈ దారం ఎవరి చేతిదండీ?"

చొక్కా జేబులో దొరికిన ఎర్రదారపు చుట్టను వైశాలి మొగుడి ముక్కు ముందు ఆడించింది. విష్ణుకి ఇడ్లీ గొంతుకడ్డం పడింది. స్వీటు ప్యాకెట్టుకి కట్టిన దారమన్నాడు.

"అచ్ఛా!" అంది వైశాలి.

ఢిల్లీ ఆర్.కె. పురంలో పిల్లలకు లెక్కలు చెప్పే తన దగ్గరా ఈ మాటలు? చెల్లెలికి సరోజినీ నగర్‌లో గాజులు కొనాలన్నప్పుడల్లా ఊరినుంచి ఇలాంటి కొలతే తెప్పించుకుంటుంది. వేళ్లు దగ్గరికి ముడిచి, చేతి చుట్టూ దారం తిప్పి ముడేస్తారు.

ఆయన స్నానానికి వెళ్లగానే స్కేలు తీసింది. చుట్టుకొలత ఎనిమిదిన్నర అంగుళాలు దాటింది. మూడు పాయింటు ఒకటి నాలుగుతో భాగిస్తే వ్యాసం రెండుముప్పావు. గాజు సైజంటే ఆ అడ్డకొలతే. తన గాజులేమో రెండుంబావు. అర అంగుళం తేడా పొరపాటున రాదు.

మరి ఎవరిదీ చెయ్యి? శనివారాల ఆఫీసు పని, రుమాలు మీద కాటుక మరక, అద్దం ముందు ముసిముసి నవ్వులు అన్నీ ఇప్పుడు అర్థమయ్యాయి. పోయినేడు ఎవరి పెళ్లిలోనో ఆయన డాన్సంటూ నాలుగడుగులేస్తే తను వారం రోజులు నవ్వింది. అప్పట్నుంచీ ఆయన ఏదీ చెప్పడం మానేశాడు. వైశాలికి ఏడుపొచ్చింది. నలభై దాటి, నెత్తిన నాలుగు వెంట్రుకలైనా లేని మనిషికి ఇప్పుడా ఈ వేషాలు! పోనీ, చూసుకున్నది కూడా ఎంత భారీ మనిషినో.

ఆదివారం తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమానికి విష్ణు పొద్దున్నే వెళ్లిపోయాడు. సాయంత్రం వైశాలి వెళ్లేసరికి హాల్లో ఎక్కడా కనబడలేదు. వేదిక మీద సత్యభామ అలిగి చెయ్యి విసిరినప్పుడల్లా ఎర్రగాజులు గలగలమంటున్నాయి. ఆ చేతిని వైశాలి కళ్లతోనే కొలిచింది. రెండుముప్పావు, అనుమానం లేదు.

నాట్యం అవగానే తెర వెనక్కి వెళ్లింది. కన్నీళ్లలో మొహం ఆనలేదు, చూపంతా గాజుల మీదే.

"ఇవి కొన్నది మా ఆయనేనా?"

సత్యభామ తలొంచుకుని ఔనన్నట్టు ఊపింది.

"ఠీక్ హై. ఎక్కడ దాక్కున్నారో చెప్పండి. నేనే మాట్లాడుకుంటాను."

సత్యభామ నిట్టూర్చి, పూలజడతో సహా జుట్టంతా ఊడదీసింది.

కింద విష్ణు బట్టతల మెరిసింది.