మధ్యలో చుక్కలు

"మీరు మాట్లాడండి నాన్నా, ఫోనే టైప్ చేసుకుంటుంది."

నాన్న గొంతు సవరించుకున్నారు. "చానల్ వారికి. మీ సీరియల్లో బూతులు వినలేక ఇంటిల్లిపాదీ సిగ్గుతో చచ్చిపోతున్నాం."

అంతలో వంటింటివైపు తిరిగి, మంచినీళ్లు తేలేదని అమ్మ మీద అరిచారు. మళ్లీ ఫోన్‌తో మర్యాదగా, "ఇట్లు, బాధ్యత గల పౌరుడు" అన్నారు.

రాసింది చూసుకున్నారు. "మధ్యలో ఈ చుక్కలేంటే?"

"బూతు వినపడితే ఫోన్ అలా కప్పేస్తుంది నాన్నా."

"నేనెక్కడ మాట్లాడానే?" అంటూనే చదివారు. 'నీళ్లు తెమ్మని ఎంతసేపే', ఆ వెంటనే వరసగా చుక్కలు.

అమ్మ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఫోన్‌లోకి తొంగిచూసింది.

"చెరిపెయ్యమ్మా" అన్నారు నాన్న నాతో, గొంతు తగ్గించి.

"నాకు ఇన్నేళ్లూ చుక్కల్లేకుండానే వినపడిందండీ" అంది అమ్మ.

నాన్న గ్లాసు వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.