పెన్ను మూత నమిలేదెవరు?

ఆరో తరగతి సంచి సోమవారం తొమ్మిది కిలోలు తూగింది. మంగళవారం మధ్యాహ్నానికి ఆరుకి దిగింది.

"ప్లాస్టిక్ ఏమైనా ఆవిరైపోతుందా?" అంది క్లాసు లీడరు. ఆ పిల్లని బడంతా కమాండరు అంటుంది.

పందెం పెట్టింది హెడ్మాస్టారు. బళ్లో పడున్న ప్లాస్టిక్ చెత్తంతా ఏరాలి. శుక్రవారానికి ఎవరి సంచి ఎక్కువ బరువుంటే ఆ తరగతికి ఒక రోజంతా పడవ షికారు.

పడవలో ఎవరు ఏ పక్కన కూర్చోవాలో కమాండరు అప్పుడే కాగితం మీద రాసేసింది. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఆ పిల్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

క్లాసంతటినీ వెంటబెట్టుకుని సంచులున్న వెనక వరండాకి పరిగెత్తింది.

అక్కడ కుళాయి పక్కన పీట వేసుకుని ఎవరో పెద్దావిడ కూర్చుంది. వీళ్ల సంచే బోర్లించుకుంది. ఒక్కో సీసా మూత తీసి, నీళ్లు పారబోసి, కడిగి, కాలితో తొక్కి చదును చేస్తోంది.

"ఎవరండీ మీరు? మా సంచి ఎందుకు ముట్టుకున్నారు?"

"మీదేనా తల్లీ? సీసాల్లో నీళ్లు వదిలి మూతలు బిగించిందీ మీరేనా?"

కమాండరు గతుక్కుమంది. ప్రతి సీసాలో రెండు వేళ్ల నీళ్లు ఉంచమని చెప్పింది తనే.

"అందరూ అదే చేస్తున్నారండీ. ఏడో తరగతి వాళ్లయితే ఇసుక కూడా పోస్తున్నారు."

"నలుగురితో నారాయణా అన్నమాట," అందావిడ. పిల్లలందరినీ ఒక్కొక్కరినే తేరిపార చూసింది. "అది సరేగానీ, మీలో పెన్ను మూత నమిలే మహానుభావుడెవరు?"

వెనక నిలబడ్డ ఒకడు గబుక్కున జేబు మూసుకున్నాడు. అందరూ గొల్లుమన్నారు.

"చాక్లెట్ కాగితాన్ని పడవలా మడిచి పడేసేదెవరు?"

ఒక సన్నపిల్ల సిగ్గుపడుతూ చెయ్యెత్తింది.

"ఎంత బాగా మడుస్తావే అమ్మా! విప్పడానికి మనసొప్పదు. మరి జ్యూసు డబ్బాలో సగం మిగిల్చి పారేసేది?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"చెప్పకండిలే. చీమలకి తెలుసు."

"ఇవన్నీ మీకెలా తెలుసండీ?" అని అడిగాడు పెన్ను మూతవాడు.

"పిల్లల సంగతి తెలియాలంటే మొహాలే చూడాలా నాయనా?" అని నవ్వేసిందావిడ.

బుధవారానికి సగం క్లాసు కుళాయి దగ్గరే కాపురం పెట్టింది. మూతలు వేరే పెట్టాలట, సీసా కరిగే తీరు వేరు, మూత కరిగే తీరు వేరట. రీఫిల్లు మార్చుకుంటే పెన్ను పారేసే పనే లేదట.

"అసలు ఇంటి దగ్గర్నుంచి మంచినీళ్లు తెచ్చుకుంటే ఈ సంచే అక్కర్లేదు," అందావిడ.

"అప్పుడు పందెం ఎలా గెలుస్తామండీ?" అంది కమాండరు.

ఆవిడ పడీపడీ నవ్వింది. కమాండరుకి మాత్రం నవ్వు రాలేదు.

గురువారం సాయంత్రం తూచి చూస్తే వాళ్ల సంచి నాలుగు కిలోలు. ఏడో తరగతిది పద్నాలుగు.

కమాండరుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఆశపడ్డ పడవ కళ్లముందే వెళ్లిపోతోంది.

"అంతా మీ వల్లే! మీరు మా బడివాళ్లు కూడా కారు. రేపు రాకండి!"

ఆవిడ కోపగించుకోలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని, సంచి మూతి జాగ్రత్తగా కట్టింది.

"రేపు ఎలాగూ రాలేనులే తల్లీ," అని వెళ్లిపోయింది.

శుక్రవారం చెత్త ఏరే షెడ్డు నుంచి బండి వచ్చింది. డ్రైవరు కాటా దించి ముందు ఏడో తరగతి సంచి తూచాడు. పదహారు!

హెడ్మాస్టారు చప్పట్లకి చేతులెత్తారు. ఇంతలో డ్రైవరు సంచి బోర్లించాడు.

నీళ్లు, ఇసుక, నాలుగు రోజుల నాటి జ్యూసు, అన్నీ కలిసి డ్రిల్లు మాస్టారి తెల్ల బూట్ల మీదకి పారాయి.

"ఇది తీసుకెళ్తే ప్లాస్టిక్ కంటే ముందు నన్ను కరిగిస్తారు సార్," అన్నాడు డ్రైవరు. మిగతా సంచులదీ అదే గతి. ముక్కు మూసుకుని అన్నీ వెనక్కిచ్చేశాడు.

ఆఖరికి ఆరో తరగతి సంచి విప్పాడు. ఒక సీసా తీసి వెలుతురుకి పట్టి చూశాడు.

"బండెక్కేది ఇదొక్కటే సార్!"

క్లాసంతా ఎగిరి గంతేసింది. కమాండరూ గంతేసింది. మరుక్షణం, నిన్న తనన్న మాటలు గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. కుళాయి దగ్గరికి పరిగెత్తి చూసింది. పీట ఖాళీగా ఉంది.

తిరిగొచ్చేసరికి డ్రైవరు చదునైన సీసాలని చేత్తో తడుముతున్నాడు.

"ఈ తొక్కుడు నాకు తెలుసే! మా అక్క నిజంగానే ఇక్కడికొచ్చిందా?"

"ఆవిడ మీకు తెలుసా అంకుల్? ఎక్కడుంటారు? నేను సారీ చెప్పాలి."

"ఇంకెక్కడమ్మా! నిన్నటితో ఉద్యోగం అయిపోయింది. పొద్దున్నే రైలెక్కి కూతురి ఊరు వెళ్లిపోయింది."

"ఏం ఉద్యోగం అంకుల్?"

"నువ్వు ఒకటో తరగతిలో ఉన్నప్పట్నుంచీ మీ బడి చెత్త సంచులన్నీ మా షెడ్డులో చేత్తో విప్పి ఏరింది ఆవిడేనమ్మా, ఆ పిల్లల మొహాలు ఒక్కసారైనా చూసొస్తానని ఈ ఆఖరి వారం సెలవు పెట్టింది."