మడిగెలో బడి

"వైన్స్‌ల బడి పెడ్తవా టీచరమ్మా? మా పిల్లలకు అ ఆలు నేర్పుతవా, సీసాలు లెక్కపెట్టుడు నేర్పుతవా?"

హమాలీ నర్సింహ లేచి అరిచేసరికి తల్లిదండ్రుల మీటింగంతా గొల్లుమంది. హెడ్మాస్టరు మెర్సీ మాత్రం నవ్వలేదు. ఆమె తల మీద స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి. మొన్న ఒక పెచ్చు ఊడి రెండో తరగతి పిల్లల పలకల మీద పడింది. వారంలో వేరే జాగా చూసుకోకపోతే పిల్లల్ని హైవే అవతలి బడిలో కలిపేస్తామని పైవాళ్లు చెప్పేశారు. లారీల మధ్య ఆ రోడ్డు దాటాలంటే పెద్దవాళ్లకే గుండె జారుతుంది.

"వైన్స్ పోయిన నెలనే బైపాస్ దిక్కు పోయింది నర్సింహన్నా. ఇప్పుడది ఉత్త మడిగె, ఖాళీ దుకాణం. ఎనుక తాగెటోళ్లు కూసునే పర్మిట్ రూం ఉండె గద, అది మంచి హాలు. నల్లా ఉంది, బాత్రూం ఉంది. జడ్చర్ల బజారంత తిరిగిన. మూతబడ్డ దుకాణాలు, ఖాళీ గోదాములు అన్నీ అడిగిన. బడికి అంటే ఎవ్వరు ఇయ్యలే. పీర్ సాబ్ ఒక్కరే ఇస్తనన్నరు."

మడిగె యజమాని పీర్ మహమ్మద్ గొంతు సవరించుకున్నాడు. "ఫినాయిల్ పోసి కడిగిపిచ్చిన. సున్నం ఏపిచ్చిన. ఇంకా జర వాసనొస్తే అగర్‌బత్తి ముట్టియ్యుండ్రి."

"వాసన ముచ్చట కాదు సాబ్, ఇజ్జత్ ముచ్చట," అన్నాడు తాపీమేస్త్రీ విజేందర్. "మీ పిల్లలు ఏడ సదువుతున్నరంటే మేమేం చెప్పాలె?"

"బళ్లె అని చెప్పు," అంది మెర్సీ.

నర్సింహ ఊరుకోలేదు. "సరే, ఇజ్జత్ ఇడిసిపెట్టు. అది బజార్ల సందులకెళ్లి సందుల ఉన్నది. మా మల్లిక రెండో తరగతి. ఇల్లు, బడి తప్ప దానికి ఏం ఎరుకలేదు. తొవ్వ తప్పితే జిమ్మేదారి ఎవరిది?"

మగవాళ్లంతా అవునంటే అవునన్నారు. ఆడవాళ్లెవరూ నోరెత్తలేదు.

"నాదే," అంది మెర్సీ. "సోమవారం పొద్దున అందరిని గీడికే పంపుండ్రి. లైను కట్టిచ్చి నేనే తోల్కపోత. తొవ్వ అలవాటయ్యేదాంక దినాం తోల్కపోత."

 నర్సింహ గొణుక్కుంటూనే తీర్మానం కాగితం మీద వేలిముద్ర వేశాడు.

సోమవారం మెర్సీ పాత బడి గేటు ముందు నిలబడింది. ఒక్క పిల్లా రాలేదు, ఒక్క పిల్లాడూ రాలేదు. బెల్లు టైము దాటిపోయింది. మీటింగులో తలూపి ఇంటికెళ్లి మనసు మార్చుకున్నారని అర్థమైంది ఆమెకు. పిల్లల్ని హైవే అవతలి బడికే పంపారేమో అనుకుంది. తీసుకున్న తాళంచెవి పీర్ సాబ్‌కు తిరిగి ఇచ్చేద్దామని ఆటో ఎక్కి బజారుకు పోయింది.

మడిగె షట్టరు ఇంకా వేసే ఉంది. దాని ముందు మెట్ల మీద, సంచులు ఒళ్లో పెట్టుకుని, పిల్లలందరూ కూర్చుని ఉన్నారు. ఒకటో తరగతి వాళ్లతో సహా.

మెర్సీకి ప్రాణం లేచొచ్చింది. "గిన్ని సందులు దాటి ఎట్లొచ్చిన్రు? మిమ్ముల ఎవరు తోల్కొచ్చిన్రు?"

నర్సింహ కూతురు మల్లిక లేచి చేతులు కట్టుకుంది.

"ఎవ్వరు తోల్కరాలే టీచర్. దినాం గీడికెళ్లి మా బాపులను ఇంటికి తోల్కపోయింది మేమే గద!"