ఇంకుప్యాడు

"నీళ్లు చల్లకుండా ఇస్త్రీ ఎలా చెయ్యమంటారయ్యా? బట్టల మీద ఉమ్మేసి చెయ్యనా?"

ఇస్త్రీ పిన్ని గొంతుకు వార్డు ఆఫీసు కిటికీ రెక్కలు అదిరాయి. ఆమె వెనక వీధి ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో గుమ్మం దాకా నిండిపోయారు. అందరికంటే ముందు, మెడలో కొలతల టేపు వేలాడుతుండగానే మిషను వదిలి వచ్చిన దర్జీ అమ్మాయి నిలబడింది. ఆ వీధిలో అద్దెకు దిగి ఇంకా రెండు నెలలు కాలేదు. కొత్తది గనక భయం తెలియదని ఆమెనే ముందుకు తోశారు.

కుర్చీలో ఉన్నాయన నవ్వాడు. వెనక గోడ మీద ఆయనదే నిలువెత్తు ఫోటో. దాని అంచు కింద నుంచి ఏదో పాత పేరు బోర్డు మూల తొంగిచూస్తోంది.

"ఐసు ఫ్యాక్టరీకి పైపులైను మళ్లిస్తున్నాం. అంతేగా! దానికింత గోలా?"

"అంతేనా? ఫ్యాక్టరీ మీ బావమరిదిది. కుళాయి మాది," అంది దర్జీ అమ్మాయి. "మా నీళ్లు గడ్డకట్టించి మళ్లీ మాకే అమ్ముతారా?"

"ఏమ్మాయ్, వీధికి కొత్తలా ఉన్నావే?"

"కొత్తదాన్నే. దాహం మాత్రం పాతదే."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కుర్చీలో మనిషి నవ్వు ఆగిపోయింది.

"రోజూ ట్యాంకరు పంపిస్తాను. సరేనా?"

"పోయిన ఎండాకాలమూ పంపించారుగా," ఇస్త్రీ పిన్ని అందుకుంది. "మీ ఇంటి పూలమొక్కలు నిక్షేపంలా బతికాయి. మేమే ఎండిపోయాం."

అప్పుడే టీ అక్క పళ్లెంతో లోపలికి వచ్చింది. భర్త పోయినప్పటి నుంచి ఆ కుర్చీలో మనిషి ఇంట్లో వంట, ఆఫీసులో టీ ఆమె పనే. జుట్టు సగం నెరిసింది. ఎవరి ముందూ కూర్చోవడం ఎరగని మనిషి. సాయంత్రం అయ్యేసరికి మాత్రం దర్జీ అమ్మాయి కొట్టు మెట్టు మీద కూర్చుని, కుట్టిన బట్టలకు గుచ్చిన పేరు చీటీలు కూడబలుక్కుంటూ చదివేది. 'నా పేరు రాయడం నేర్పు తల్లీ' అని మొదటిసారి అడిగినప్పుడు, 'ఈ వయసులో ఎందుకక్కా?' అంది దర్జీ అమ్మాయి. 'వేలు నల్లబడకుండా ఉంటుందని' అంది ఆమె. గుడ్డల మీద గీతలు గీసే సుద్దతోనే దర్జీ అమ్మాయి నేల మీద అక్షరాలు దిద్దించింది.

పక్కన కూర్చున్న ఇంజనీరు ఓ కాగితం బల్ల మీద పెట్టాడు.

"మెంబరు ఆమోదం పడితే రేపే తవ్వకం మొదలుపెడతాం సార్. పడకపోతే గునపం దించడానికి వీల్లేదు."

"పడుతుందిలేవయ్యా. ఎప్పుడు పడలేదు గనక?"

దర్జీ అమ్మాయి ఒళ్లు మండిపోయింది. "మెంబరుగారూ! వీళ్ల ఓట్లతో గెలిచి, వీళ్ల నోటి దగ్గర నీళ్లే..."

ఇస్త్రీ పిన్ని ఆమె మోచెయ్యి లాగింది. "ఓట్ల ఊసెత్తకే అమ్మాయ్. మా చెప్పుతో మమ్మల్ని మేమే కొట్టుకోవాలి."

"ఈ వార్డులో నా మాట లేనిదే ఆకు కదలదు," అన్నాడాయన. "ఐదేళ్లూ ఇంతే. దిక్కున్న చోట చెప్పుకోండి." తర్వాత తల కూడా తిప్పకుండా, "ఏయ్, టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయావా? వెళ్లి ఇంకుప్యాడు పట్రా," అన్నాడు.

టీ అక్క బీరువా వైపు నడిచింది. అంతదాకా అరిచిన ఆడవాళ్లు ఒక్కొక్కరే బిందెలు చంకకెత్తుకుంటున్నారు.

"తలలు దించుకుంటారేం?" దర్జీ అమ్మాయి వెనక్కి తిరిగి అరిచింది. "ఆ కుర్చీ ఆయన అత్తగారు సారె పెట్టిందా? మీరు వేసిన కుర్చీ అది!"

ఇంకుప్యాడు పట్టుకుని వస్తున్న టీ అక్క ఆగింది.

"ఎవరు వేసిన కుర్చీ అన్నావు తల్లీ?"

"వీళ్లంతా వేసిందే అక్కా. గెలిచినవాళ్లు వీళ్లకు జవాబు చెప్పుకోవాలి. చెప్పలేకపోతే సిగ్గుతో చావాలి."

టీ అక్క మొహం కందిపోయింది. చేతిలోని ఇంకుప్యాడు మూత తీసి కాసేపు చూసింది. గుమ్మం పక్కనే ఎంగిలి గ్లాసులు నానేసిన బకెట్టు ఉంది. ఇంకుప్యాడు అందులో పడేసింది. నీళ్లు నల్లబడ్డాయి.

"మతిపోయిందా నీకు?" కుర్చీలో మనిషి లేచి నిలబడ్డాడు. "మా ఇంటి ఉప్పు తిన్నదానివి!"

"తిన్నాను. నీళ్లు మాత్రం వాళ్ల కుళాయివే తాగాను."

ఇంజనీరు చేతిలో కలం అడిగి తీసుకుంది. బల్ల మీదికి వంగి, ఒక్కో అక్షరాన్నీ పెదాలతో పలుకుతూ రాసింది. 'ఒప్పుకోను.' కింద తన పేరు, సుద్దతో దిద్దినంత పెద్దగా.

"వద్దక్కా, నీ ఉద్యోగం పోతుంది!" దర్జీ అమ్మాయి కంగారుగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"పోనీలే తల్లీ. టీ ఎవరైనా కాస్తారు."

ఇంజనీరు ఆ కాగితం చదివి, మడిచి ఫైలులో పెట్టుకున్నాడు. "ఇక తవ్వకం లేదు సార్. కుళాయి అక్కడే ఉంటుంది," అంటూ లేచాడు. కుర్చీ ముందు నిలబడ్డ మనిషి ఏదో అరవబోయాడు కానీ, ఖాళీ బిందెల మోతలో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

దర్జీ అమ్మాయి మాత్రం తెల్లబోయి చూస్తోంది.

"ఇదేంటి పిన్నీ? టీ అక్క రాస్తే చెల్లుతుందా?"

ఇస్త్రీ పిన్ని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మేం ఓట్లేసింది ఆమెకే."