ఆమోదించిన గొంతు

కృష్ణానగర్ స్టూడియోలన్నింట్లో ఇప్పుడు పాటలు మిక్స్ చేసే యంత్రం ఒకటే. నోటిమాటకే పనిచేస్తుంది. మగ గొంతు చెబితే ఆజ్ఞ అనుకుంటుంది, హేమలత చెబితే సలహా అనుకుంటుంది. సౌండ్ ఇంజనీరుగా ఆమె పద్దెనిమిదేళ్ల అనుభవం దానికి లెక్కలేదు.

"వీణ కొంచెం పెంచు," అంది హేమలత.

"సలహా అందింది. ఆమోదం కావాలి," అంది యంత్రం.

ఆమెతో పనిచేసే మణి ఆడా కాదు, మగా కాదు. మణి ఏం చెప్పినా యంత్రానిది ఒకటే జవాబు: "గొంతు సరిచేసుకుని మళ్లీ చెప్పండి."

ఫిర్యాదు చేస్తే కంపెనీ చేయూత పథకం కింద ఇద్దరికీ చెరో శాలువా, గొంతు బొంగురుపోయే మాత్రల డబ్బా పంపింది.

అందుకే టీ తెచ్చే సాయిలు కోసం ఆగడం అలవాటు చేసుకున్నారు.

"సాయిలన్నా, ఊఁ అను."

సాయిలు గ్లాసులు పెడుతూ "ఊఁ" అన్నాడు. వీణ పెరిగింది. అలా పాటకు నలభైసార్లు. ఆర్నెల్లలో ఒక సినిమా మొత్తం పూర్తయింది.

ఆ సినిమాకి ఉత్తమ సౌండ్ ఇంజనీరు అవార్డు వచ్చింది, సాయిలుకి. ఆమోదించిన గొంతు ఎవరిదో ఆ పని కూడా వాళ్లదేనని యంత్రం సాయిలు పేరు వేసేసింది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, సాయిలు తలుపు దగ్గరే తల దించుకుని నిలబడ్డాడు.

"నాకెందుకు ఇచ్చిన్రో తెల్వదు మేడమ్. రమ్మంటున్నరు. స్టేజి మీద ఏం మాట్లాడాలె?"

మణి విసిరిన హెడ్‌ఫోన్స్ గోడకు తగిలి కింద పడ్డాయి. హేమలత యంత్రం మీంచి చూపు తిప్పలేదు.

"ఊఁ అను సాయిలన్నా. వాళ్లకి అది చాలు."