అరవై నాలుగో పేజీలో కామంచి

"కామంచి మొక్కని చేత్తో పట్టుకొచ్చి, ఇది కామంచేనా అని నన్నడుగుతావేంటమ్మా?"

ప్రొఫెసర్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. బల్ల మీద తడిగుడ్డలో చుట్టి తెచ్చిన మొక్క ఉంది. బల్లకు అవతల టైలరమ్మ నిలబడి ఉంది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

"మీ పుస్తకంలో ఫోటో అచ్చం ఇలాగే ఉంది సార్. కింద మీరు రాసింది మాత్రం ఇలా లేదు. అందుకే అడుగుతున్నా."

పక్క కుర్చీలో కూర్చున్న పబ్లిషర్ కిసుక్కున నవ్వాడు. తినదగిన పిచ్చిమొక్కల మీద ప్రొఫెసర్ రాసిన పుస్తకం ఏడాదిలో రెండుసార్లు అచ్చయి చెల్లిపోయింది. మూడో ముద్రణ కాగితాల మీద సంతకం కోసం పబ్లిషర్ గంట నుంచీ కాచుకుని ఉన్నాడు.

"చూశారా నా ఖర్మ!" అన్నాడు ప్రొఫెసర్ అతనితో. "రోజుకొకరు. దొడ్లో గడ్డి పీక్కురావడం, తినొచ్చా అని ప్రాణం తియ్యడం. ఏం చదివావమ్మా నువ్వు?"

"ఏడో తరగతి సార్."

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే ఇదే."

ఇద్దరూ నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు, సిగ్గుపడనూ లేదు. సంచిలోంచి పుస్తకం తీసి అరవై నాలుగో పేజీ తెరిచి, కుట్టు చూపించినట్టు వేలు పెట్టి చూపించింది.

"తెల్లటి చిన్న పూలు, గుత్తులు గుత్తులుగా కాయలు అని రాశారు. ఫోటోలో కాయ ఒక్కటే ఉంది. ఈ మొక్కకీ ఒక్కొక్కటే. పువ్వు చూడండి, గంటలా వేలాడుతోంది, వంకాయ రంగులో. బట్టలు కుట్టేదాన్ని సార్. రంగు ఒకటే అయినా, రెండు తాన్ల గుడ్డ కలిస్తే నా కంటికి తెలిసిపోతుంది."

"మొక్కల శాస్త్రమంటే జాకెట్టుకి చేతులు అతకడం కాదమ్మా" అంటూ ప్రొఫెసర్ భూతద్దం అందుకున్నాడు. మొక్కను చూడాలని కాదు, పీడ వదిలించుకోవాలని.

అద్దం కింద నల్లటి కాయ నిగనిగలాడింది. అయిదు మొనల ఆకుపచ్చని నక్షత్రంలాంటి తొడిమ మీద ఒంటరిగా కూర్చుని ఉంది.

ప్రొఫెసర్ కాయను అటూ ఇటూ తిప్పాడు. మెల్లగా పుస్తకం వైపు చూశాడు. ఎన్ని సభల్లో ఆ పేజీ ఎత్తి చూపించి ఉంటాడు! తను మాత్రం ఒక్కసారీ చూడలేదు. చివర్లో విష మొక్కల దగ్గర పడాల్సిన ఫోటో ఇక్కడ పడింది. ప్రెస్సువాళ్ళు ప్రూఫులు పంపితే తెరవకుండానే సంతకం పెట్టి పంపేశాడు. తప్పులు వెతకడం గుమస్తాల పని అని ఆయన నమ్మకం.

"ఏమంటారు ప్రొఫెసర్ గారూ?" పబ్లిషర్ గొంతులో నవ్వు తగ్గింది. "రేపు పొద్దున్నే మెషినెక్కాలి. తేడా ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి."

తేడా ఉందనడమంటే, ఏడో తరగతి మనిషి ముందు తలొంచడం. ఫోటోదేముంది, రాత్రికి ప్రెస్సుకి ఫోన్ చేసి గుట్టుచప్పుడు కాకుండా మార్పించొచ్చు అనుకున్నాడు. అమ్ముడుపోయిన పుస్తకాల సంగతి ఆయనకు తట్టలేదో, తట్టినా తోసేశాడో.

"కామంచే" అన్నాడు భూతద్దం పక్కన పడేసి. "నేల సారాన్ని బట్టి పువ్వు రంగు మారుతుంది, కాయ పెరుగుతుంది. చెప్పినా నీకెక్కదులే."

"అయితే తినొచ్చా సార్?"

"తినొచ్చు."

"ఆకు కూడానా?"

"వేయించుకో, ఉడకబెట్టుకో, పిల్లలకి పెట్టుకో. అచ్చేసి మరీ చెప్పానుగా! ఇక వెళ్ళు, పనుంది."

టైలరమ్మ వెళ్ళలేదు. సంచిలో చెయ్యి పెట్టి ఒక స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. లోపల ముదురు ఆకుపచ్చని కూర. ఒక చెంచా ప్రొఫెసర్ ముందు పెట్టింది.

"పొద్దున వండాను సార్. ఒక్క ముద్ద తిని చూడండి."

ప్రొఫెసర్ చెంచా వైపు చూశాడు గానీ చెయ్యి కదపలేదు. "నాకు... ఇప్పుడు ఆకలి లేదు."

"ఆకలిదేముంది, పాపం అంత అభిమానంగా తెస్తే!" అన్నాడు పబ్లిషర్. "ఇంత పుస్తకం వేశాను, అందులో కూర ఒక్కటీ రుచి చూసిన పాపాన పోలేదు." అంటూనే చెంచా నిండా తీసుకుని నోటి దాకా తెచ్చాడు.

"తినొద్దు!" ప్రొఫెసర్ ఎగిరి ఆయన చేతి మీద కొట్టాడు. "విషమయ్యా అది, చస్తావు!"

చెంచా గోడకు తగిలి కింద పడింది. కూర మూడో ముద్రణ కాగితాల మీద చిందింది. పబ్లిషర్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

"నన్ను తినమన్నారుగా సార్" అంది టైలరమ్మ. "పిల్లలకి కూడా పెట్టమన్నారు."

కాగితాల మీద చిందిన కూరను ఆమె వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. ప్రొఫెసర్ అయ్యో అనబోయేలోపే మింగేసింది. తర్వాత డబ్బాకు మూత బిగించింది.

"కంగారుపడకండి, ఇది బజార్లో కొన్న పాలకూర. మీ పుస్తకం చూసి వండిన కూర పోయిన నెలే అయిపోయింది సార్, మా ఆయనతో సహా."