దొరసానికి ఏసీ

ఆ బొమ్మంటే నాకు కుళ్లు. దాచుకోవడం ఎందుకు?

నూటయాభై ఏళ్ల కిందట గీసిన దొరసాని బొమ్మ అది. గుర్రపు సవారీకి వేసుకునే నల్ల గౌను, చంకలో కొరడా, రెండు చేతులకూ తోలు తొడుగులు. జెద్దాలో మా కంపెనీని నడిపే ముదీర్ ఖాళీ విల్లాలో, గోడకు నిలువెత్తున ఉంటుంది. ఏసీ మెకానిక్కునైన నన్ను దానికి కాపలా పెట్టారు. రంగు పగలకుండా ఆమె గదిలో రాత్రింబవళ్లు ఏసీ నడవాలి. పక్క గదిలో నాకు ఒక పాత ఫ్యాను, నా గ్రీజు వేళ్లకు నల్లబడ్డ స్విచ్చు.

ఆ రాత్రి కంపెనీ కూలీల క్యాంపు నుంచి నా తోటి పనివాడు భూమేష్ ఫోన్ చేశాడు.

"మనిషికింతని సర్కారుకు లెవీ కట్టలేమని నాకు ఎగ్జిట్ కొట్టిండ్రు మొండన్నా. పద్నాలుగేండ్ల నౌకరి. రేపే ఇంటికి పొమ్మంటున్నరు."

"ఈడ దొరసానికి ఉండనీకి ఇకామా కార్డు అక్కర లేదు, లెవీ లేదు. సల్లగ ఉంటది," అన్నాను.

ఫోన్ పెట్టేశాను. వెళ్లి ఆమె ఏసీ ఆపేశాను.

"ఒక్క రాత్రి నువ్వు గూడ ఉడుకు," అని వచ్చి పడుకున్నాను.

చెమటకు మెలకువ వచ్చింది. ఇల్లంతా చప్పుడు లేదు. నా ఫ్యాను ఆగి ఉంది. కరెంటు పోయిందనుకున్నాను గానీ వరండాలో దీపం వెలుగుతూనే ఉంది. స్విచ్చు ఎవరో ఆపారు. వీధి తలుపుకు నేను పెట్టిన గడియ పెట్టినట్టే ఉంది.

టార్చి పట్టుకుని ఆమె గదికి వెళ్లాను. బొమ్మలో ఆమె ఎప్పటిలాగే నిలబడి ఉంది. కుడిచేతికి మాత్రం తొడుగు లేదు. తెల్లటి చూపుడువేలి కొసన నల్లగా గ్రీజు.